లివర్ మీది అంకెకు మోజుపడకండి

(బరంపురంలో తెలుగువాళ్ళ వ్యాయామశాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, తల్లులకు, కుర్రాళ్ళకు నమస్కారం. శాలువాలయ్యాయి, రిబ్బన్ కత్తిరించారు. ఆ మూలనున్న నాలుగు రోయింగ్ మెషీన్ల గురించి, అంటే కూర్చుని పడవ తెడ్డు వేసినట్టు లాగే యంత్రాల గురించి, కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఒకటి గాలిది, ఒకటి నీళ్ళది, ఒకటి అయస్కాంతానిది, ఒకటి నూనె సిలిండర్లది. దేని సెట్టింగు దానిదే.

గాలి మెషీన్‌కు, లాగితే తిరిగే చక్రం పక్కన, 1 నుంచి 10 దాకా అంకెలున్న డ్యాంపర్ లివర్ ఉంటుంది. చక్రం గూట్లోకి ఎంత గాలి పోవాలో చెప్పే తలుపు అది, అంతే. కుర్రాళ్ళు కూర్చోగానే దాన్ని 10కి తోస్తారు. 10లో లాగుకీ లాగుకీ మధ్య చక్రం త్వరగా నెమ్మదిస్తుంది, ప్రతిసారీ దాన్ని మళ్ళీ లేపాలి. కాళ్ళు తోసేలోపే నడుం లాగేస్తుంది. బాబూ, ముందు వరసలోని వాళ్ళకే చెబుతున్నాను: 3 నుంచి 5 చాలు!

తక్కువలో పెడితే మోసం కాదా అంటారు. కాదు. చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తోందో మానిటర్ ప్రతి లాగుకీ కొలిచి లెక్కకడుతుంది. ఆ కొలతే డ్రాగ్ ఫ్యాక్టర్. కాన్సెప్ట్‌టూ కంపెనీ మెషీన్ మానిటర్‌లో మోర్ ఆప్షన్స్ లోకి వెళ్ళి డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్ నొక్కి, అంకె నిలకడయ్యేదాకా నాలుగైదు సార్లు లాగండి. మామూలు సాధనకు 110 నుంచి 130 మధ్య ఉంటే బాగుంటుంది. దాన్నిబట్టి లివర్ జరపండి, లివర్ అంకెను చూసి కాదు.

కొరాపుట్ నుంచి వచ్చినవాళ్ళున్నారా? మీ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తు, గాలి సాంద్రత ఇక్కడికన్నా దాదాపు 8 శాతం తక్కువ. ఇక్కడి 4 అక్కడ తేలిగ్గా ఉంటుంది, లివర్ కాస్త పెంచుకోవాలి. బరంపురంలో సమస్య దుమ్ము. చక్రం చుట్టూ ఉన్న జాలీ మూసుకుపోతే లివర్ కదపకుండానే డ్రాగ్ పడిపోతుంది. అప్పుడు లివర్ పెంచకండి, మూత విప్పి వాక్యూమ్‌తో దుమ్ము లాగండి.

నీళ్ళదానికి వస్తాను. తొట్టి పక్కన గీతలుంటాయి. నీళ్ళు పెంచితే లాగు బరువెక్కుతుంది, కానీ మధ్యలో మార్చలేం. అక్కడ వేగంగా లాగడమే బరువు పెంచుకోవడం. తొట్టిమీద ఎండ పడనివ్వకండి, నీళ్ళు పచ్చబడితే క్లోరిన్ బిళ్ళ వేయండి.

అయస్కాంతం మెషీన్‌లో నాబ్ తిప్పితే కేబుల్ అయస్కాంతాన్ని చక్రం దగ్గరికి జరుపుతుంది. ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కావు. నాబ్ తిరుగుతున్నా బరువు మారలేదంటే కేబుల్ వదులైందేమో, కొక్కెం నుంచి జారిందేమో చూడండి.

సిలిండర్లదానికి రెండు వైపులా ఒకే అంకె ఉండాలి, లేకపోతే ఒళ్ళు ఒక పక్కకు మెలిపడుతుంది. కాసేపు లాగాక నూనె వేడెక్కి పలచబడి, లాగు తేలికవుతుంది. అప్పుడు అంకె పెంచకండి, చల్లారనివ్వండి. సిలిండర్ పట్టుకోకండి, కాలుతుంది.

మళ్ళీ చెబుతున్నాను, ఆ 10 మోజు వదలండి. కార్యదర్శిగారూ, గాలి మెషీన్ పక్కన ఒక పలక పెట్టించండి. ఏ లివర్ అంకెకు ఎంత డ్రాగ్ వస్తోందో తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి. నెలకోసారి, దుమ్ము తీసిన రోజునా తప్పకుండా కొలిచి దిద్దాలి.