పొటాషియం ప్రశ్నలో ముందు ఎక్కడ చూడాలి?

అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ గదిలోంచే రికార్డ్ చేస్తున్నాను, కింద బస్సుల హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను, అందుకే ఈరోజు ఒక్కటే టాపిక్. పొటాషియం.

రక్తంలో నార్మల్ లీటరుకి 3.5 నుంచి 5.0 మిల్లీఈక్వివలెంట్లు. ఇది మనందరికీ నోటికొచ్చు. అయినా ఎన్‌క్లెక్స్‌లో, అంటే అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్షలో, ఇక్కడే తప్పుతాం, ఎందుకంటే కళ్లన్నీ అంకె మీదే ఉంటాయి.

ఈ కేసు చూడండి. పేషెంట్‌కి ఫ్యూరోసెమైడ్, అంటే యూరిన్ ఎక్కువగా పోయేలా చేసే మందు, నడుస్తోంది. పొటాషియం 2.9. ఐవీ పొటాషియం క్లోరైడ్ పెట్టమని ఆర్డర్ ఉంది. చార్ట్‌లో ఓ మూల చిన్నగా రాసుంది: గత నాలుగు గంటల్లో యూరిన్ 60 ఎంఎల్. అంటే గంటకి 15. కనీసం 30 ఉండాలి కదా! కిడ్నీ బయటికి పంపనప్పుడు మనం లోపలికి ఎక్కిస్తే అది ఎక్కడికి పోతుంది? అక్కడే పేరుకుపోతుంది. అందుకే డ్రిప్ మొదలుపెట్టకముందే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. అదే జవాబు.

యూరిన్ బాగానే ఉందనుకోండి. అప్పుడు పంప్ మీద, డైల్యూట్ చేసి, చేతి వెయిన్‌లో అయితే మామూలుగా గంటకి 10 మిల్లీఈక్వివలెంట్లు మించకుండా. ఐవీ పుష్, అంటే సిరంజితో నేరుగా నరంలోకి ఒక్కసారిగా ఎక్కించడం, అనే ఆప్షన్ కనిపిస్తే రెండోసారి చదవకండి, కొట్టేయండి. గుండె ఆగిపోతుంది.

పేషెంట్ డిగాక్సిన్ అనే గుండె మందు కూడా వాడుతుంటే? పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషం త్వరగా ఎక్కుతుంది. వికారం, లైట్ల చుట్టూ పసుపు వలయాలు అని ప్రశ్నలో ఉంటే అది ఊరికే రాయలేదు.

ఇక ఎక్కువైతే. కొత్తగా చేరిన రోజుల్లో నా పేషెంట్‌కి 6.4 వచ్చింది. చేతులు వణికాయి. మా సీనియర్ సిస్టర్ రిపోర్ట్ చూడనే లేదు. "బ్లడ్ ఎలా తీశావమ్మా?" అంది. టోర్నికే, అదే చేతికి కట్టే పట్టీ, బిగించి చాలాసేపు వదిలేశాను, పిడికిలి మూసి తెరవమని పదిసార్లు చెప్పాను. కణాల్లోని పొటాషియం బయటికొచ్చి అంకె పెరిగింది. మళ్లీ తీస్తే 4.3! ఈసీజీ కూడా మామూలుగానే ఉంది. అదే ఈసీజీ మారి ఉంటే మాత్రం శాంపిల్ తప్పు అనుకుని కూర్చోకూడదు.

మధ్యలో ఒక మాట. మా హాస్పిటల్ గేటు బయట ఎళనీరు, అదే కొబ్బరి బోండాల బండి ఉంటుంది. డయాలసిస్ పేషెంట్ల వాళ్లు ప్రేమగా కొనిస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. ఉప్పు తగ్గించమంటే కొనే లో-సోడియం ఉప్పులోనూ అదే. డైట్ టీచింగ్ ప్రశ్నల్లో అరటిపండు, బంగాళాదుంపలతో పాటు ఉప్పు ప్రత్యామ్నాయం కూడా తగులుతుంది.

ఇప్పుడు మీ వంతు. కిడ్నీ పేషెంట్, పొటాషియం 6.8, ఈసీజీలో టీ వేవ్‌లు గుడారంలా నిక్కపొడుచుకున్నాయి. ఆర్డర్లు మూడు: ఇన్సులిన్‌తో డెక్స్‌ట్రోజ్, కాల్షియం గ్లూకోనేట్, కేయెక్సలేట్. ముందు ఏది? వీడియో ఆపి ఆలోచించండి.

కాల్షియం గ్లూకోనేట్. అది పొటాషియాన్ని పిసరంత కూడా తగ్గించదు. గుండెని కాపాడుతుంది. ఆ తర్వాత ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. కేయెక్సలేట్ పొటాషియాన్ని పేగుల ద్వారా బయటికి పంపే మందు, అది పనిచేయడానికి గంటలు పడుతుంది, ఈ పేషెంట్‌కి అంత టైమ్ లేదు.