గాట్స్‌బీ గులాబీ రంగు సూటు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లీషు సాహిత్యం పాఠంగా చదువుకున్నవాళ్లకు 'ద గ్రేట్ గాట్స్‌బీ' నవలలోని ఆకుపచ్చ దీపం గుర్తుండే ఉంటుంది. దాంతోపాటు పరీక్షల కోసం గైడ్లలో బట్టీ పట్టిన ఒక పట్టిక కూడా గుర్తుండొచ్చు. ఆకుపచ్చ అంటే ఆశ, తెలుపు అంటే స్వచ్ఛత, పసుపు అంటే డబ్బు, బూడిద రంగు అంటే పతనం. ఈ పట్టికతో మార్కులు వస్తాయి, కాదనను. కానీ దాన్ని చేత పట్టుకుని నవలలోకి వెళ్తే పది పేజీలు తిరగకముందే దారి తప్పుతాం. ఎందుకంటే ఈ నవలలో ఏ రంగూ ఒక్క చోట నిలబడదు. ఎవరు చూస్తున్నారు, ఎంత దూరం నుంచి చూస్తున్నారు, ఆ రంగు ఎవరి ఒంటి మీద ఉంది అన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతూ ఉంటుంది. ఈరోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

నవల చదవనివారి కోసం ముందు కథ కొంచెం చెబుతాను. ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ ఈ నవలను 1925 ఏప్రిల్‌లో ప్రచురించాడు. కథ జరిగేది 1922 వేసవిలో, న్యూయార్క్ పక్కనే ఉన్న లాంగ్ ఐలాండ్‌లో. కథ చెప్పే నిక్ కారవే బాండ్ల వ్యాపారం నేర్చుకుందామని వచ్చి, వెస్ట్ ఎగ్ అనే ఊళ్లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. అది రచయిత కల్పించిన ఊరు. అక్కడ ఉండేది కొత్తగా డబ్బు చేసినవాళ్లు. నిక్ పక్కింటి మహాభవనం గాట్స్‌బీది. సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఈస్ట్ ఎగ్. అక్కడివాళ్లది తరతరాల డబ్బు. నిక్‌కు దూరపు చుట్టమైన డైసీ, ఆమె భర్త టామ్ బ్యుకానన్ ఉండేది అక్కడే. అయిదేళ్ల కిందట గాట్స్‌బీ సైన్యంలో చిన్న అధికారిగా ఉన్నప్పుడు డైసీని ప్రేమించాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. అతను యుద్ధానికి వెళ్లాడు, ఆమె టామ్‌ను పెళ్లి చేసుకుంది. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజులవి. గాట్స్‌బీ దొంగచాటు వ్యాపారాల్లో బాగా సంపాదించి, సరిగ్గా ఆమె ఇంటికి ఎదురుగా, నీటికి ఇవతల భవనం కొన్నాడు.

మొదటి అధ్యాయం చివర నిక్ అతన్ని మొదటిసారి చూస్తాడు. చీకట్లో ఒంటరిగా నిలబడి, నీటి వైపు రెండు చేతులూ చాచి, వణుకుతున్నట్టు ఉంటాడు. అటు చూస్తే ఎక్కడో దూరంగా చిన్న ఆకుపచ్చ దీపం. డైసీ ఇంటి ముందు పడవలు కట్టే రేవు చివర వెలిగే దీపం అది. గైడ్లు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు విషయం అయిదో అధ్యాయంలో ఉంది. డైసీ అతని ఇంటికి వచ్చింది. పక్కనే నిలబడి ఉంది. నీటి మీద పొగమంచు కమ్ముకుంది. "మంచు లేకపోతే మీ ఇల్లు కనిపించేది, మీ రేవు చివర రాత్రంతా ఒక ఆకుపచ్చ దీపం వెలుగుతుంటుంది" అంటాడు గాట్స్‌బీ. ఆ మాట అన్నాక ఏదో ఆలోచనలో పడిపోతాడు. ఇన్నాళ్లూ ఆ దీపానికి ఉన్న గొప్పతనం ఇప్పుడు పోయింది, మళ్లీ అది రేవు మీద ఉన్న మామూలు దీపమే అయిందని నిక్‌కు తోస్తుంది. మనిషి చెంతకు వచ్చింది, రంగు వెలిసిపోయింది. నవల మొత్తంలో నా మనసును బాగా పట్టుకున్న చోటు ఇదే. ప్రేమించిన మనిషి దొరికిన క్షణంలోనే ఏదో ఒకటి చేజారడాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన రచన నేను వేరే చదవలేదు.

ఇదే ఆకుపచ్చ నవల చివరి పేజీలో మళ్లీ వస్తుంది. నిక్ ఒడ్డున కూర్చుని, కొన్ని శతాబ్దాల కిందట డచ్ నావికులు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ నేల ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకుంటాడు. కొత్త ప్రపంచం, చిక్కటి ఆకుపచ్చ. ఆ చెట్లు ఇప్పుడు లేవు, గాట్స్‌బీ భవనం కోసం కొట్టేశారు. దీపం వైపు చేయి చాచిన మనిషి నిలబడి ఉన్నదే, ఒకప్పటి ఆకుపచ్చను నరికేసిన చోట.

ఇక పసుపు. మన ఇళ్లలో పసుపు శుభం, గడప నుంచి మంగళసూత్రం దాకా. ఈ నవల చదివేటప్పుడు మాత్రం ఆ భావాన్ని కాసేపు పక్కన పెట్టాలి. ఇక్కడ పసుపు బంగారానికి పేద చుట్టం. డైసీ గురించి నిక్ తలుచుకున్నప్పుడు ఆమె రాజుగారి కూతురు, బంగారు పిల్ల. ఆమెను మళ్లీ కలుసుకునే రోజున గాట్స్‌బీ తెల్ల సూటు, వెండి రంగు చొక్కా, బంగారు రంగు టై వేసుకుని వస్తాడు. పడకగదిలో అతని దువ్వెన సామాను కూడా మేలిమి బంగారం. అయితే అతని పార్టీల్లో వినిపించే సంగీతానికి రచయిత ఇచ్చిన రంగు పసుపు. పిలవకుండానే వచ్చి, తాగి, ఎగిరి, పేరైనా గుర్తుపెట్టుకోకుండా వెళ్లే జనంలో ఇద్దరమ్మాయిల గౌన్లూ పసుపే.

అతని కారు సంగతి మరీ ఆశ్చర్యంగా ఉంటుంది. నిక్ దాన్ని దగ్గర నుంచి చూసి ముచ్చటపడినప్పుడు అది మీగడ రంగు కారు, లోపల ఆకుపచ్చ తోలు సీట్లు. ఏడో అధ్యాయంలో అదే కారు మర్టిల్ అనే ఆమెను గుద్ది, ఆగకుండా వెళ్లిపోతుంది. నడుపుతున్నది డైసీ. పక్కనున్న కాఫీ హోటల్ యజమాని కంగారులో పోలీసుకు లేత ఆకుపచ్చ కారు అని చెబుతాడు. ఆ కారు దారిలో తనను దాటిపోతుంటే చూసిన మరొకతను వచ్చి, పసుపు కారు, పెద్దది, కొత్తది అంటాడు. ఒక్క కారుకు మూడు రంగులు. ఫిట్జెరాల్డ్ మరిచిపోయి మార్చి రాశాడని నేననుకోను. మెచ్చుకునే కంటికి మీగడ, భయపడిన కంటికి ఆకుపచ్చ, దారిలో దూసుకుపోతుంటే చూసిన కంటికి పసుపు.

ఆ మర్టిల్ ఉండే చోటు బూడిద లోయ. ఇది పూర్తిగా కల్పన కాదు. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో, కరోనా అనే చోట నిజంగానే బొగ్గు బూడిద గుట్టలు ఉండేవి. నగరంలో ఇళ్లను వెచ్చబెట్టడానికి కాల్చిన బొగ్గు తాలూకు బూడిదను అక్కడ పోసేవారు. తర్వాత వాటిని చదును చేసి 1939లో ప్రపంచ ప్రదర్శన పెట్టారు. నవలలో మర్టిల్ భర్త విల్సన్ అక్కడ గ్యారేజీ నడుపుతాడు. అతని సూటు మీద, జుట్టు మీద, చుట్టూ ఉన్న ప్రతి వస్తువు మీద తెల్లటి బూడిద పేరుకుని ఉంటుంది. ఒక్క అతని భార్య మీద తప్ప. ఆ ఒక్క ముక్కతో ఆమె ఆ లోయ నుంచి ఎంతగా బయటపడాలనుకుంటుందో తెలిసిపోతుంది. ఆమె టామ్‌కు ఉంపుడుగత్తె. అతనితో న్యూయార్క్ వెళ్లినప్పుడు నాలుగు ట్యాక్సీలను వదిలేసి, లావెండర్ రంగు కొత్త ట్యాక్సీ వచ్చేదాకా ఆగుతుంది. తీరా ఎక్కితే లోపల సీట్లు బూడిద రంగు. ఆ వాక్యం దగ్గర నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

తెలుపు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. నిక్ మొదటిసారి వెళ్లినప్పుడు డైసీ, ఆమె స్నేహితురాలు జోర్డన్ తెల్లటి గౌన్లలో, గాలికి తేలుతున్నట్టు సోఫాలో కూర్చుని ఉంటారు. సొంత ఊరు లూయీవిల్‌లో పెళ్లికి ముందు కూడా డైసీవి తెల్ల దుస్తులే, కారూ తెల్లదే. స్వచ్ఛత అని రాసుకుని పేజీ తిప్పేస్తే అదే రాత్రి భోజనాల దగ్గర జరిగింది వదిలేసినవాళ్లమవుతాం. టామ్ ఏదో పుస్తకం చదివి, తెల్లజాతి మేలుకోకపోతే మునిగిపోతుందని ఉపన్యాసం మొదలుపెడతాడు. తర్వాత న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్ గదిలో గాట్స్‌బీతో గొడవ ముదిరినప్పుడు అతను మళ్లీ ఆ పాటే ఎత్తుకుంటే, "ఇక్కడున్న మనమంతా తెల్లవాళ్లమేగా" అని గొణుగుతుంది జోర్డన్. అంటే డైసీ గౌను తెలుపుకూ, టామ్ గర్వపడే తెలుపుకూ మధ్య గోడ ఏమీ లేదు. లోపలికి ఎవరిని రానివ్వాలో తేల్చే రంగు అది.

ఆ కాలంలో ఇది కేవలం డ్రాయింగ్‌రూమ్ కబురు కాదు. పంజాబ్ నుంచి వెళ్లి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1923 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. మామూలు జనం అనుకునే అర్థంలో భారతీయుడు తెల్లవాడు కాడన్నది కోర్టు చూపిన కారణం. భారతీయులకు మళ్లీ ఆ హక్కు వచ్చింది 1946లో. ఈరోజు అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్లు ఈ నవల చదివితే, టామ్ మాటలు ఎక్కడ ఏ చట్టంలోకి వెళ్లాయో తెలుసుకుని చదవాలి.

గాట్స్‌బీ తెల్లవాడే. అయినా టామ్ దృష్టిలో లోపలి మనిషి కాడు. ఎందుకో ఒక్క మాటలో తేల్చేస్తాడు టామ్. గాట్స్‌బీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడట అని జోర్డన్ అన్నప్పుడు, "ఆక్స్‌ఫర్డా! గులాబీ రంగు సూటు వేసుకుంటాడు వాడు!" అని కొట్టిపారేస్తాడు. గాట్స్‌బీ నిజంగానే యుద్ధం తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో అయిదు నెలలు ఉన్నాడు. కానీ టామ్‌కు సర్టిఫికెట్ అక్కర్లేదు, రంగు చాలు. తరతరాల డబ్బున్నవాడికి ఏ రంగు వేసుకోకూడదో పుట్టుకతోనే తెలుస్తుంది. గాట్స్‌బీ అసలు పేరు జేమ్స్ గాట్జ్, నార్త్ డకోటా రైతుబిడ్డ. అతనికి ఆ సంగతి చెప్పేవాళ్లెవరు? చిన్నప్పుడు డాన్ కోడీ అనే ధనవంతుడు అతనికి మొదటిసారి మంచి బట్టలు కొనిపెట్టాడు, నీలం కోటు, ఆరు జతల తెల్ల ప్యాంట్లు. అప్పటి నుంచీ బట్టల రంగుల ద్వారానే అతను పైకి ఎక్కాలని చూశాడు. డైసీ ముందు చొక్కాలు గుట్టగా విసిరి చూపిస్తాడు. పగడం రంగు, ఆపిల్ ఆకుపచ్చ, లావెండర్, లేత నారింజ. ఆమె వాటిలో తల దాచుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపు చొక్కాల కోసం అని ఆమె అంటుంది. ఆమె ఆ క్షణంలో అబద్ధం ఆడిందని నాకు అనిపించదు. ఆమె గొంతు నిండా డబ్బేనని తర్వాత గాట్స్‌బీయే అంటాడు కదా.

నిక్ అతన్ని ప్రాణాలతో చివరిసారి చూసే ఉదయం కూడా ఒంటి మీద ఆ గులాబీ సూటే ఉంది. తెల్ల మెట్ల మీద అదొక్కటే రంగుచుక్క. ఆ గుంపంతా కలిసినా నీ ఒక్కడికి సాటిరారు అని అరిచి చెప్పి వస్తాడు నిక్. టామ్ ఏ రంగును చూసి వెలివేశాడో, ఆ రంగు నిక్ కళ్లలో గౌరవంగా మారింది. నవలలో అతనికి దక్కిన గెలుపు అదొక్కటే.

నీలం గురించి క్లుప్తంగా చెబుతాను. గాట్స్‌బీ తోటలు నీలం, డ్రైవర్ యూనిఫాం నీలం, బూడిద లోయ మీద కంటి డాక్టర్ బోర్డులో పెద్ద పెద్ద కళ్లు నీలం. భార్య పోయిన విల్సన్‌కు ఆ కళ్లే దేవుడి కళ్లుగా కనిపిస్తాయి. పుస్తకం అట్ట కూడా ముదురు నీలమే. ఫ్రాన్సిస్ కూగట్ వేసిన ఆ బొమ్మ ఫిట్జెరాల్డ్‌కు ఎంత నచ్చిందంటే, దాన్ని ఇంకెవరికీ ఇవ్వొద్దు, నవలలోకి రాసేశాను అని 1924లో ఎడిటర్ మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కు ఉత్తరం రాశాడు. 1925 మార్చిలో, అచ్చు పని అయిపోవస్తుండగా, పేరు మార్చాలని టెలిగ్రామ్ కూడా పంపాడు. ఆయన కోరిన పేరు 'అండర్ ద రెడ్, వైట్ అండ్ బ్లూ', అంటే అమెరికా జెండా రంగులు. అప్పటికే ఆలస్యమైపోయింది.

మొదట్లో పుస్తకం అనుకున్నంత అమ్ముడుపోలేదు. 1940లో 44 ఏళ్లకే ఫిట్జెరాల్డ్ చనిపోయేనాటికి రెండో ముద్రణ ప్రతులు కొన్ని ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు లక్షకు పైగా ప్రతులు ఉచితంగా పంచాక పాఠకులు పెరిగారు. 2013లో వచ్చిన సినిమాలో అమితాబ్ బచ్చన్ ఒక చిన్న పాత్ర వేయడంతో మన దగ్గరా చాలామందికి పేరు తెలిసింది. 2021 నుంచి అమెరికాలో ఈ నవలకు కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. చదివేటప్పుడు పెన్సిల్ ఒకటి దగ్గర పెట్టుకోండి. రంగు పేరు వచ్చిన ప్రతిచోటా దాని అర్థం వెతకొద్దు, ఆ రంగును చూస్తున్నది ఎవరో పక్కన రాసుకోండి. మొదటిసారికి ఏడో అధ్యాయం ఒక్కటి ఇలా చదివినా చాలు.

సెలవు. నమస్కారం.