కొత్త ఇంటి పెరట్లో మొక్కలా? ముందు మట్టి చూడండి

నమస్తే అండీ. కొత్త ఇంట్లో దిగాం, పెరడు ఖాళీగా ఉంది, ఏం మొక్కలు పెట్టమంటారు అని అడుగుతున్నారు. నర్సరీకి అప్పుడే వెళ్లకండి. ముందు గడ్డపార పట్టుకోండి.

ఎండ ఎటు పడుతుందో చూడండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోట నిలబడి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కూరగాయలకు రోజుకు 6 గంటల ఎండ కావాలి. పైపు అందుతుందా, సెప్టిక్ ట్యాంక్ ఎక్కడుంది... అవీ చూసుకోండి. సరే.

ఇక అసలు పని. పైన ఎర్రమట్టి బాగుంది కదా? తవ్వుతున్నా, చూడండి. జానెడు లోతులోనే ఇదిగో, ఇటుక ముక్క. ఇదిగో గట్టిపడిన సిమెంటు పెళ్ల. కంకర, టైల్ ముక్క. ఇల్లు కట్టగా మిగిలినదంతా ఇక్కడే సర్దేసి, పైన మట్టి పోయిస్తారు. చాలా కొత్త ఇళ్లలో ఇంతే.

ఈ తెల్ల పెళ్ల దగ్గరగా చూడండి. నిమ్మకాయ పిండుతున్నా... చూశారా, బుస్సుమని నురగ! సున్నం అది. సున్నం, సిమెంటు కలిస్తే మట్టిలో క్షారం పెరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లేత ఆకులు పసుపుపచ్చగా అయిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. ఎరువు చాలలేదేమో అని ఇంకా ఇంకా వేస్తుంటారు. వెయ్యకండి. ముందు ఈ చెత్త తీయండి.

తీయడానికి ఇసుక జల్లెడ వాడండి, తాపీ మేస్త్రీలు వాడేది. దాన్ని గోడకు ఏటవాలుగా ఆనించి పారతో మట్టి విసరడమే. చేత్తో ఏరితే నడుం పడిపోతుంది. నాకైతే ఇంతకు మించిన పనిముట్టు లేదు.

తర్వాత నీళ్లు ఇంకుతాయా లేదా చూడాలి. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోనివ్వండి. మళ్లీ నింపండి. లెక్క చూడాల్సింది ఈ రెండోసారే! ఎండిన మట్టి మొదటిసారి ఎలాగూ తాగేస్తుంది, దాన్ని నమ్మొద్దు. పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. గంటకు అంగుళం, రెండంగుళాలు దిగితే బాగున్నట్టే. అర అంగుళం కూడా దిగలేదంటే లారీలు తిరిగి కింద మట్టి గట్టిపడి ఉండొచ్చు. గడ్డపారతో ఆ గట్టి మట్టి దాకా కుళ్లగించండి, లేదంటే మడి ఎత్తుగా కట్టుకోండి.

ఇక మడికి మట్టి కలపడం. రెండు వంతుల మట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి. ఎరువు ఇలా పొడిపొడిగా ఉండాలి, పేడ వాసన రాకూడదు.

తొందర లేనివాళ్లు మృగశిర కార్తెలో, తొలకరి పడగానే జనుము చల్లండి. పూత మొదలవగానే కోసి నేలలోనే కలిపేయండి. మట్టికి నత్రజని అందుతుంది, గుల్లబారుతుంది కూడా. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది.

జామ, నిమ్మ ఇప్పుడే వద్దు. ముందు తోటకూర. గింజలు మరీ సన్నం కాబట్టి ఇసుకలో కలిపి, ఇలా చల్లండి. నెల తిరిగేసరికి కోతకొస్తుంది. మడి అంతా ఒకేలా ఎదిగితే అక్కడ ఇక ఏదైనా నాటుకోవచ్చు. ఎక్కడైనా గిడసబారి పసుపుపచ్చగా కనిపిస్తే, ఆ ఒక్క చోట మళ్లీ గడ్డపార వేసి చూడండి.