మిషన్ గంటలు

శ్రోతలకు నమస్కారం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కన్ అనే కాథలిక్ సంఘపు పాదిరీలు 1797లో స్థాపించిన మిషన్ శాన్ హోసే ఆ ఊళ్లోనే ఉంది. మిషన్ అంటే స్థానికులను క్రైస్తవంలోకి మార్చడానికి పెట్టిన మత కేంద్రం. కాలిఫోర్నియా తీరం పొడవునా ఇలాంటి మిషన్లు 21 వెలిశాయి. ఓలోనీల వంటి స్థానిక తెగలవారిని అక్కడికి చేర్చి, బాప్తిస్మం ఇచ్చి, పొలాల్లో, మగ్గాల మీద పనిచేయించేవారు. ఓక్ కాయలు రాలే కాలాన్నీ, చేపలు ఎదురెక్కే కాలాన్నీ చూసుకుని బతికిన జనానికి ఇప్పుడు గంట మోతే వేళ చెప్పేది.

1786లో మాంటెరే దగ్గరి మిషన్‌ను చూసిన ఫ్రెంచి నావికుడు లా పెరూజ్ అక్కడి దినచర్యను రాసిపెట్టాడు. పొద్దు పొడవగానే అందరూ ప్రార్థనకు చేరాలి. అది సాగుతుండగా బయట ఆవరణలో మూడు పెద్ద కాగుల్లో జావ ఉడుకుతుండేది. వేయించి విసిరిన బార్లీ పిండితో కాచిన జావ, అందులో ఉప్పు కూడా ఉండదు. అది తాగి పనిలోకి వెళ్లాలి. మధ్యాహ్నం గంట మోగితే మళ్లీ అదే గిన్నెలో భోజనం. సాయంత్రం ఇంకోసారి ప్రార్థన, ఇంకోసారి జావ. సంకెళ్లలో ఉన్న ఆడవాళ్లనూ మగవాళ్లనూ చూశామనీ, కొరడా చప్పుడూ వినిపించేదనీ, ఆ చోటు తమకు బానిసలతో పనిచేయించే తోటలను గుర్తుచేసిందనీ ఆయన రాశాడు. స్వయంగా కాథలిక్ దేశం నుంచి వచ్చినవాడి మాట ఇది, పక్కన పెట్టడానికి వీల్లేదు.

సంగీతమూ ఉండేది. 1806లో శాన్ హోసేకు వచ్చిన నార్సిసో దురాన్ అనే పాదిరీ స్థానికులతో గాయక బృందాన్ని, వాద్య బృందాన్ని తయారుచేశాడు. నాలుగు గొంతుల స్వరాలనూ ఒకే చోట రాసి, ఒక్కో గొంతుకు ఒక్కో రంగు పెట్టాడు. ఎవరి రంగు వాళ్లు చూసుకుని పాడుకోవచ్చు. గురువుగా అతని తెలివిని మెచ్చుకోవలసిందే. అయితే పాడినవారు పాట అయ్యాక ఇంటికి పోయే స్వేచ్ఛ లేనివారు. పారిపోతే సైనికులు వెంటపడి పట్టి తెచ్చేవారు. అదే మిషన్‌కు చెందిన ఎస్తానిస్లావో అనే స్థానికుడు స్వగ్రామానికి వెళ్లి తిరిగి రానన్నాడు, 1829లో, అప్పటికి కాలిఫోర్నియాను ఏలుతున్న మెక్సికో సైన్యాన్ని ఎదిరించి పోరాడాడు. స్టానిస్లాస్ నదికి ఆ పేరు అతని నుంచే వచ్చింది.

మిషన్ల పాలన ముగిసిన చాలా కాలానికి, 1906 నుంచి, పాత మిషన్ల దారి పొడవునా వంపు తిరిగిన స్తంభాలకు గంటలు వేలాడదీశారు. యాత్రికులకు అవి ముచ్చటైన గుర్తులు. ఆమా ముత్సున్ తెగవారికి మాత్రం అవి తమ పూర్వీకులను పనికి తరిమిన గంటలు. వారి కోరిక మేరకు 2019లో శాంటాక్రూజ్ విశ్వవిద్యాలయం తన ఆవరణలోని గంటను తీసేసింది. 101 రహదారి పక్కన మాత్రం ఇప్పటికీ అవి వరుసగా కనిపిస్తాయి.