సర్రియా నుంచి సాంటియాగో దాకా: యాత్రికుని పాస్‌పోర్టులో ముద్రలు ఎలా వేయించుకోవాలి

నమస్కారం. స్పెయిన్ వాయవ్య మూలలో ఉన్న సాంటియాగో దె కాంపొస్తెలా నగరానికి గైడుతో, బృందంతో కలిసి కాలినడకన వెళ్ళాలనుకునేవారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. ప్రయాణం మొత్తాన్నీ నేను వివరించబోవడం లేదు. ఆ ప్రయాణమంతా మీ వెంట ఉండవలసిన ఈ మడతల పుస్తకం గురించే, ఇదిగో, తెరపై కనిపిస్తున్న ఈ చిన్న పుస్తకం గురించే ఎక్కువగా మాట్లాడతాను. దీనిని స్పానిష్‌లో క్రెడెన్సియల్ అంటారు. మనం యాత్రికుని పాస్‌పోర్టు అని పిలుచుకుందాం.

ముందుగా ఒక్క మాట. సాంటియాగో అంటే మనకు బాగా తెలిసినవాడే. జెబెదయి కుమారుడు, యోహాను సహోదరుడు అయిన యాకోబునే స్పెయిన్ ప్రజలు ఆ పేరుతో పిలుచుకుంటారు. హేరోదు ఖడ్గానికి బలి అయిన ఆ అపొస్తలుని దేహాన్ని శిష్యులు సాంటియాగో ఉన్న గలీషియా ప్రాంతపు తీరానికి చేర్చారని, 9వ శతాబ్దంలో ఆయన సమాధి బయటపడిందని, అస్తూరియస్ రాజు రెండవ అల్ఫోన్సో ఒవియెదో నుంచి అక్కడికి వెళ్ళి దర్శించుకున్నాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు కాలినడకన వచ్చే జనాన్ని చూస్తూ పెరిగిన నాకు, వెయ్యేళ్ళకు పైగా జనం అదే విధంగా ఒక అపొస్తలుని సమాధి వైపు నడుస్తూనే ఉన్నారని తెలిసినప్పుడు, ఆ దారి పరాయిది అనిపించలేదు.

ఇప్పుడు ఏర్పాట్లు. వీటిని త్వరగా చెప్పేస్తాను. షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మాడ్రిడ్ దాకా విమానం, అక్కడి నుంచి రైలు. లేదంటే సాంటియాగోలోనే దిగితే నిర్వాహకుల వాహనం వస్తుంది. బూట్లను ఇంటి దగ్గరే నెల రోజులు వాడి కాళ్ళకు అలవాటు చేసుకోండి. ఇవన్నీ మీకు తెలిసినవే కనుక ముందుకు వెళదాం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: యాకోబు పండుగ అయిన జూలై 25 ఆదివారం నాడు వచ్చే సంవత్సరాన్ని పవిత్ర సంవత్సరంగా పాటిస్తారు. 2027 అటువంటి సంవత్సరమే. ఆ ఏడాది వెళ్ళేవారు గదుల సంగతి చాలా ముందుగా చూసుకోవాలి.

తెరపై ఇప్పుడు పటం కనిపిస్తోంది. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరి సాఁ జాఁ పియె దె పోర్ నుంచి మొదలయ్యే దారి దాదాపు 780 కిలోమీటర్లు. గైడుతో వెళ్ళే బృందాలు సాధారణంగా ఇదిగో, ఇక్కడ, సర్రియా దగ్గర మొదలుపెట్టి చివరి 115 కిలోమీటర్లు నడుస్తాయి. మా బృందం ఆరు రోజులు నడిచింది: పోర్టోమరీన్‌కు 22, పలాస్ దె రెయ్‌కు 25, మెలీదెకు 15, అర్సూవాకు 14, ఓ పెద్రౌసోకు 19, చివరి రోజు సాంటియాగోకు 20 కిలోమీటర్లు. సర్రియానే ఎందుకంటే, కాంపొస్తెలా అనే యాత్రా పత్రం పొందడానికి నడిచేవారు కనీసం 100 కిలోమీటర్లు నడవాలి. సైకిలు మీద వెళ్ళేవారికి అది 200 కిలోమీటర్లు. 2024లో ఆ పత్రం అందుకున్నవారు దాదాపు 5 లక్షల మంది, వారిలో వేరే ఏ ఊరి నుంచి కంటే సర్రియా నుంచే ఎక్కువమంది బయలుదేరారు.

ఇక పుస్తకం. దీనిని కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. మొదటి మడతలో మీ పేరు, దేశం, పాస్‌పోర్టు సంఖ్య, బయలుదేరే ఊరు, ఎలా వెళుతున్నారో రాయాలి. పేరును అసలు పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయండి. మన ఇంటిపేరు ముందు రావాలా, తరువాత రావాలా అన్న సందేహం పెట్టుకోకండి, పాస్‌పోర్టులో ఉన్నదే సరి. తక్కిన మడతలన్నీ, చూడండి, ఇలా ఖాళీ గడులే. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ముద్ర పడాలి. ముద్రను అక్కడ సెయ్యో అంటారు. దారిలోని చర్చిలు, బసలు, కాఫీ దుకాణాలు, ఊరి కార్యాలయాలు, వీటన్నింటిలోనూ ముద్ర ఉంటుంది. రోజుకు కనీసం రెండు ముద్రలు, ప్రతి ముద్ర పక్కన తేదీ. మళ్ళీ చెబుతున్నాను, రోజుకు రెండు, తేదీతో సహా.

ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే నేను ఇబ్బంది పడింది ఇక్కడే. గైడుతో వెళ్ళే యాత్రలో ఉదయం ఎనిమిదింటికల్లా మన పెద్ద సంచిని బస గుమ్మం దగ్గర పెడితే, వ్యాను దానిని తీసుకుపోయి సాయంత్రానికి తరువాతి ఊరిలో మన గదికి చేరుస్తుంది. రెండవ రోజు ఉదయం పోర్టోమరీన్‌లో వాన పడుతోంది. పుస్తకం తడుస్తుందేమోనన్న భయంతో, రాత్రి దానిని పెద్ద సంచిలో బట్టల మధ్య భద్రంగా పెట్టాను. ఆ సంచి వ్యానులో వెళ్ళిపోయింది. ఊరు దాటి అడవి దారి ఎక్కిన తరువాత, మొదటి కాఫీ దుకాణంలో తోటివారందరూ పుస్తకాలు బయటికి తీసినప్పుడు గానీ నాకు ఆ సంగతి గుర్తు రాలేదు.

ఆ రోజు దారిలో ఏమేమి ఉన్నాయో తెరపై చూపిస్తున్నాను. కాస్త్రోమయోర్‌లో ఇనుప యుగం నాటి గుట్ట కోట ఉంది. లిగోందె దగ్గర 1670 నాటి రాతి సిలువ ఉంది. దాని పీఠం మీద క్రీస్తు శ్రమలను గుర్తు చేసే సుత్తి, మేకులు, ముళ్ళ కిరీటం చెక్కి ఉన్నాయి. తలుపులు తెరిచి ఉన్న చిన్న చిన్న చర్చిలు ఉన్నాయి. వాటిలో ఒక బల్ల, బల్ల మీద ఇంకు పెట్టె, దాని పక్కన ముద్ర ఉంటాయి. వాటిలో ఏ ఒక్క ముద్రా నా పుస్తకంలో లేదు. మా గైడు నా ఆందోళనను చూసి, కావలసింది ఆ తేదీతో రెండు ముద్రలేనని, వాటిని పలాస్ దె రెయ్‌లో సాయంత్రం తీసుకోవచ్చని ధైర్యం చెప్పారు. ఊరు చేరగానే సంచి తెరిచి, పుస్తకం పట్టుకుని, సాన్ తిర్సో చర్చికి వెళ్ళి ఒకటి, మేము దిగిన బసలో మరొకటి వేయించుకున్నాను. ఇదిగో ఆ రెండు ముద్రలు, ఈ గడిలో ఒకటి, దాని కింది గడిలో ఒకటి. నియమం నెరవేరింది, కానీ ఆ 25 కిలోమీటర్ల దారి నా పుస్తకంలో లేదు, ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

కనుక నేను ఇప్పుడు చేస్తున్న పద్ధతి చూడండి. ఇది జిప్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు, పుస్తకం కంటే కొంచెం పెద్దది. ఇందులో పుస్తకం, ఒక బాల్ పెన్ను, చిన్న బ్లాటింగు కాగితం ముక్క. అంతే. ఈ కవరు నడుముకు కట్టుకునే సంచిలో ఉంటుంది, ఆ సంచి రాత్రి దిండు కింద ఉంటుంది. జెల్ పెన్ను వద్దు, గలీషియా వానకు దాని సిరా అలికిపోతుంది. వాన సంగతి ఎందుకింతగా చెబుతున్నానంటే, అట్లాంటిక్ నుంచి వచ్చే మేఘాలు ఆ కొండలమీదే కురుస్తాయి, ఆ ప్రాంతం అంత పచ్చగా ఉండడానికి కారణం కూడా అదే.

ముద్ర అడగడానికి మూడు మాటలు చాలు: "సెయ్యో, పోర్ ఫవోర్." చాలా చోట్ల ముద్ర బల్ల మీదే ఉంటుంది, మీరే వేసుకోవచ్చు. చర్చిలో అయితే విరాళం పెట్టె కూడా ఉంటుంది, కొంత వేయడం మర్యాద. దారిలో కొందరు మైనం కరిగించి ముద్ర వేస్తారు. చూడడానికి చాలా బాగుంటుంది, కానీ మడత పెట్టినప్పుడు పెచ్చు లేచిపోతుంది, అందుచేత దానిని చివరి మడతలలో వేయించుకోండి. ఎవరైనా తేదీ వేయకపోతే అక్కడే, వెంటనే, మీరే రాసుకోండి. సాయంత్రం రాద్దామనుకుంటే ఏది ఏ ఊరిదో గుర్తుండదు.

గైడుతో వెళ్ళేవారికి ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. కొన్నిసార్లు బస దారికి దూరంగా, పల్లెటూరి ఇంటిలో ఉంటుంది. అప్పుడు సాయంత్రం వ్యాను మిమ్మల్ని దారి మీద ఒక చోట ఎక్కించుకుంటుంది. మరునాడు ఉదయం సరిగ్గా అదే చోట దిగాలి. నేను ప్రతి సాయంత్రం అక్కడి కిలోమీటరు రాయిని ఫోటో తీసుకుంటాను. ఇదిగో, ఈ రాతి మీద గవ్వ గుర్తు, దాని కింద పసుపు బాణం, ఆ కింద సాంటియాగోకు మిగిలిన దూరం. ఉదయం దిగగానే ఫోటోతో పోల్చి చూసుకుని నడక మొదలుపెడతాను. కాలు నొప్పి ఉన్నవారిని వ్యానులో ముందుకు తీసుకువెళ్ళడానికి గైడు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ పత్రం కావాలనుకునేవారు ఆ దూరాన్ని వదలకూడదని ముందే తెలిసి ఉండాలి.

పసుపు బాణాల గురించి అడుగుతారని తెలుసు. ఓ సెబ్రెయ్రో చర్చి పాదిరి ఎలియాస్ వలీన్యా 1984లో వాటిని దారి పొడవునా గీయడం మొదలుపెట్టారు. దారి దాదాపు మరుగున పడిన కాలంలో ఒక గ్రామ పాదిరి రంగు డబ్బా పట్టుకుని దానిని జనానికి తిరిగి చూపించారు. మీరు ఫోనులో ఇంటర్నెట్ లేకుండా పనిచేసే పటం పెట్టుకోండి, నేనూ పెట్టుకున్నాను, కానీ ఈ చివరి 115 కిలోమీటర్లలో బాణాలే సరిపోతాయి. సెప్టెంబరులో అక్కడ సూర్యోదయం ఎనిమిది ప్రాంతంలో అవుతుంది కనుక, మన అలవాటు ప్రకారం తెల్లవారుజామునే బయలుదేరేవారికి తలకు కట్టుకునే లైటు తప్పనిసరి.

మధ్యలోని రోజులు త్వరగా గడిచిపోతాయి. మెలీదెలో చెక్క పళ్ళెంలో ఆలివ్ నూనె, ఎర్ర మిరపపొడి, రాళ్ళ ఉప్పు వేసి ఇచ్చే ఆక్టోపస్ తప్పక తినండి. శాకాహారులు బంగాళాదుంప అట్టు, వేయించిన పద్రోన్ మిరపకాయలు అడగండి. అర్సూవాకు ముందు రిబదీసోలో పాత రాతి వంతెన కింద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని అరగంట కూర్చోండి. చివరి రోజు మోంటె దో గోసో కొండ మీద నుంచి కెథడ్రల్ గోపురాలు మొదటిసారి కనిపిస్తాయి. ఆనంద పర్వతం అని ఆ పేరుకు అర్థం. ఓ పెద్రౌసో విడిచిన తరువాత ఆ రోజు రెండు ముద్రలు వేయించుకోవడం మరిచిపోకండి. చేరిపోతున్నామన్న తొందరలో చాలామంది అక్కడే మరిచిపోతారు.

సాంటియాగో చేరాక కెథడ్రల్ ముందున్న ఒబ్రదోయ్‌రో మైదానం నుంచి యాత్రికుల కార్యాలయానికి నడిచి వెళ్ళాలి. తెరపై ఉన్న ఈ వివరాలను ముందుగానే ఫోనులో నింపుకుంటే వరుసలో సమయం మిగులుతుంది. యాత్ర ఎందుకు చేశారని అడుగుతారు. మతపరమైన లేదా ఆధ్యాత్మికమైన కారణం చెప్పినవారికి లాటిన్‌లో రాసిన కాంపొస్తెలాను ఉచితంగా ఇస్తారు. ఇతరులకు వేరే పత్రం ఉంటుంది. మీరు నిజంగా ఎందుకు నడిచారో అదే చెప్పండి. అక్కడి సిబ్బంది మీ పుస్తకాన్ని తిప్పి, తేదీలు వరుసగా చూస్తారు. నా రెండవ రోజు దగ్గర వారి వేలు ఒక్క క్షణం ఆగింది, నా ఊపిరి కూడా ఆగింది. రెండు ముద్రలూ, రెండు తేదీలూ ఉన్నాయి కనుక వేలు ముందుకు సాగింది.

చివరి గడిని ఖాళీగా ఉంచుకోండి, ఆ కార్యాలయపు ముద్ర అక్కడే పడుతుంది. ఇదిగో నాది, ఈ మూల. ఇక్కడ కొంచెం మసకగా ఉంది, చూశారా? సంతోషంలో వెంటనే మడిచేశాను. మీరు మాత్రం ఆ బ్లాటింగు కాగితాన్ని ముద్ర మీద ఒత్తి, సిరా పూర్తిగా ఆరిన తరువాతే పుస్తకాన్ని మూయండి.