మిర్చికి గేటు వేసిన భూటాన్

అబ్బాయి: నమస్తే. ఇవాళ గుంటూరు మిర్చి యార్డు పక్కన, టీ కొట్టు మేడ మీద కూర్చున్నాం. మధ్యలో తుమ్ములు వినిపిస్తే అవి మావే. బాబాయ్, యార్డులో అందరూ చైనా ఆర్డర్ల గురించి మాట్లాడుకుంటుంటే నువ్వు భూటాన్ అంటావేంటి?

బాబాయ్: మిరపకాయని కారానికి కాదురా, కూరగాయలా వండుకునే దేశం అది. ఎమ దత్షి అంటారు. మనం బెండకాయ వేసినట్టు మిరపకాయలు వేసి, చీజ్‌తో ఉడికిస్తారు. అలాంటివాళ్లే పురుగుమందులున్నాయని 2016లో మన దేశపు పచ్చిమిర్చి ఆపేశారు.

అబ్బాయి: మన గుంటూరు కాయేనా?

బాబాయ్: మన ఎండుమిర్చి బస్తాలు కావులే. అయినా ఆ వార్త చదివి కడుపులో దేవినట్టయింది.

అబ్బాయి: మొత్తం జనాభా ఎనిమిది లక్షల లోపే. అంత చిన్న దేశానికి ఆ ధైర్యం ఎక్కడిది?

బాబాయ్: వాళ్ల తీరే అంత. 2015లో మనం, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ వాళ్ల రాజధాని థింపూలోనే సంతకాలు చేశాం, ఒకరి బండ్లు ఇంకొకరి దేశంలోకి నేరుగా వెళ్లేలా. తీరా వాళ్ల పార్లమెంటు ఎగువ సభ వద్దంది. బయటి లారీలన్నీ ఆ కొండ రోడ్ల మీద పడితే తమ లారీవాళ్ల గతేంటని వాళ్ల భయం. 2017లో ‘మీరు ముగ్గురూ కానివ్వండి’ అని పక్కకి తప్పుకున్నారు. పెళ్లిపీటల మీద అలిగినట్టే, కానీ నాకు నచ్చింది.

అబ్బాయి: అంటే తలుపులు మూసుకున్నట్టేగా?

బాబాయ్: మూసుకుంటే తిండెలా? నదుల మీద తీసిన కరెంటు మనకే అమ్ముతారు. వాళ్ల కరెన్సీ ఙుల్ట్రమ్ మన రూపాయికి సమానం, మన నోటూ అక్కడ చెల్లుతుంది. అందుకే మన పెద్ద నోట్లు రద్దయినప్పుడు వాళ్లూ బ్యాంకులకి పరిగెత్తారు.

అబ్బాయి: విదేశీ టూరిస్టుల దగ్గర రోజుకి 200 డాలర్లు తీసుకుందామని 2022లో పెట్టి, మర్నాడే 100కి దించారు కదా?

బాబాయ్: మర్నాడు కాదు, మరుసటి ఏడు. బేరం కుదరకపోతే దిగాలి, యార్డులో మనమూ అంతేగా. మనవాళ్లకి 1200 రూపాయలే.

అబ్బాయి: నువ్వు వెళ్లావు కదా, ఎలా ఉంది?

బాబాయ్: మన వైపు సరిహద్దు ఊరు జైగావ్‌లో ఒకటే హారన్లు. గేటు దాటి వాళ్ల ఊరు ఫుంట్‌షోలింగ్‌లో అడుగుపెడితే చెవుల్లో దూది పెట్టినట్టుంది. చిన్న హోటల్లో ఎమ దత్షి తిన్నాను. వడ్డించిన కుర్రాడు ఆస్ట్రేలియా వీసా ప్రయత్నంలో ఉన్నాడట.

అబ్బాయి: మన వీధిలోనూ ఉన్నారు నలుగురు.

బాబాయ్: చలికాలంలో ఇన్ని పచ్చిమిరపకాయలు ఎక్కడివిరా అని అడిగాను. గేటు వైపు చూసి నవ్వాడు.