తల్లి పేరు కూడా రాయండి
(మహారాష్ట్ర నాందేడ్ జిల్లా దెగ్లూరులో గుర్రాల పెంపకందారుల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారం.

వచ్చే వారం మాళేగావ్ జాతర. లోహా తాలూకాలోని ఖండోబా గుడికి, అంటే మన మల్లన్న దగ్గరికే, మార్గశిర బహుళంలో ఎన్ని గుర్రాలు వస్తాయో దెగ్లూరు, బిలోలి వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మీలో కొందరు అమ్మడానికి వెళ్తారు, కొందరు కొనడానికి వెళ్తారు. ఇంట్లో ఉన్న ఆడ గుర్రాన్ని దాటించడానికి, అంటే చూలు కట్టించడానికి, మంచి మగ గుర్రం కోసం వెతికేవాళ్లూ ఉంటారు. నేను మాట్లాడదలచింది వాళ్లతో.

30 ఏళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. జాతరలో గుర్రాన్ని చూసేవాళ్లు సుడులు చూస్తారు, కాళ్ల తెలుపు చూస్తారు, నోరు తెరిచి పళ్లు లెక్కపెడతారు, నాలుగడుగులు నడిపిస్తారు. అన్నీ చూడవలసినవే. కానీ "దీని తల్లి ఎవరింటి గుర్రం?" అని అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. తండ్రి సంగతి మాత్రం అడగకముందే చెబుతారు: "రేసు గుర్రానికి పుట్టింది." ఆ ఒక్క మాటకు ధర రెట్టింపవుతుంది. మా బంధువు ఒకరు అలాగే కొన్నారు. కాగితం ఏదని అడిగితే అమ్మినవాడి దగ్గర లేదు. మూడేళ్లు ఆ గుర్రాన్ని విత్తనానికి వాడారు. పుట్టిన పిల్లల్లో ఒక్కదానికీ తండ్రి ఎత్తు రాలేదు, పరుగూ రాలేదు.

రేసు గుర్రాల లోకంలో ఇది జరగదు. ఎందుకు జరగదో చెబుతాను.

థరోబ్రెడ్ అనే ఆ జాతిలో ఇప్పుడున్న ప్రతి గుర్రం, తండ్రి వైపు తవ్వుకుంటూ పోతే, ఇంగ్లండుకు చేరిన మూడు మగ గుర్రాల్లో ఒకదాని దగ్గర ఆగుతుంది. బయర్లీ టర్క్ 1690లో బోయిన్ యుద్ధంలో సైనికుణ్ణి మోసిన గుర్రం. డార్లీ అరేబియన్‌ను 1704లో సిరియాలోని అలెప్పో నుంచి తెచ్చారు. మూడోది గోడాల్ఫిన్ అరేబియన్. వీటిలో డార్లీ గుర్రం సంతతే నేడు నూటికి 95 పాళ్లు. మూడు వందల ఏళ్ల కిందటి గుర్రం గురించి ఇంత ఖచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నాం? రాసిపెట్టారు కనుక. 1791లో అక్కడ వంశావళి గ్రంథం తొలిసారి అచ్చయింది. ఏ ఆడ గుర్రం, ఏ మగ గుర్రం, ఏ ఏట ఏ పిల్ల, అన్నీ ఉంటాయి అందులో. ఆ పుస్తకంలో పేర్లు పేర్చింది ఆడ గుర్రాల కింద! తల్లి పేరు తల మీద, దాని కింద పిల్లలు. ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

ఎక్లిప్స్ అనే గుర్రం 1764లో సూర్యగ్రహణం రోజున పుట్టింది. 18 పందేలు పరుగెత్తింది, ఒక్కటీ ఓడలేదు. దాని తండ్రి మార్స్క్‌ను అంతకుముందే చవకగా వదిలించుకున్నారు. కొడుకు గెలుస్తున్నకొద్దీ తండ్రి వెల పెరిగింది. కొడుకు ఎవరి కొడుకో పుస్తకంలో లేకపోతే ఆ ముసలి గుర్రాన్ని ఎవరు వెతికి తెచ్చేవారు?

విత్తనపు గుర్రానికి ఇచ్చే రుసుము గురించి మీరంతా ఆశ్చర్యంగా అడుగుతుంటారు. నార్తర్న్ డాన్సర్ అనే కెనడా గుర్రం పొట్టిది. ఏడాది వయసులో 25 వేల డాలర్లకు పెడితే కొనేవాడు లేడు. 1964లో అదే అమెరికాలోని పెద్ద పందెం కెంటకీ డెర్బీ గెలిచింది. 1980ల నాటికి దానితో ఒక్కసారి దాటించడానికి పది లక్షల డాలర్ల దాకా ఇచ్చారు, పిల్ల బతుకుతుందన్న హామీ కూడా లేకుండా. దాని కొడుకు రజీన్ మన దేశానికి వచ్చి ఇక్కడి విత్తనపు గుర్రాల్లో మేటిగా నిలిచింది. ఆ డబ్బంతా గుర్రం గెలిచినందుకు మాత్రమే ఇచ్చింది కాదు, దాని పిల్లలు గెలిచినందుకు ఇచ్చింది. వరసగా 16 పందేలు గెలిచిన సిగార్‌ను విత్తనానికి పెడితే ఒక్క ఆడ గుర్రమూ చూలు కట్టలేదు. 2006లో ఒక కోటి 60 లక్షల డాలర్లకు అమ్ముడైన గ్రీన్ మంకీ ఒక్క పందెమూ గెలవలేదు. పేరు చూసి, రూపం చూసి తొందరపడవద్దు.

ఈ జాతిలో కృత్రిమ గర్భధారణ నిషిద్ధం. మగ గుర్రం స్వయంగా దాటితేనే పిల్ల పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇప్పుడు పిల్ల వెంట్రుకల కుదుళ్లతో డీఎన్ఏ పరీక్ష చేసి తల్లిదండ్రులను నిర్ధారిస్తారు. ఆడ గుర్రం ఎదకు రావడం పగటి పొడవును బట్టి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో ఈ గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది కనుక, పిల్ల ఏడాది మొదట్లోనే పుట్టాలని చలికాలంలో కొట్టాల్లో దీపాలు వెలిగించి పగటిని 16 గంటలకు పెంచుతారు. చూలు 11 నెలలు.

సెక్రటేరియట్ గురించి చెప్పకుండా ముగించలేను. 1973లో అమెరికాలో మూడు పెద్ద పందేలూ గెలిచిన మహా గుర్రం అది. విత్తనానికి పెట్టాక, తనంతటి కొడుకు పుట్టలేదని చాలామంది నిరాశపడ్డారు. అయితే దాని కూతుళ్లు? ఒక కూతురు స్టార్మ్ క్యాట్‌ను కన్నది, మరో కూతురు ఏపీ ఇండీని కన్నది. రెండూ అమెరికా అశ్వజాతిని మలుపు తిప్పిన విత్తనపు గుర్రాలు. తాత బలం కూతుళ్ల ద్వారా మనవళ్లకు దిగింది. తల్లుల పేర్లు రాసి ఉండకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

మన దగ్గర అలాంటి ఆడ గుర్రాలు ఎన్ని వచ్చాయో, ఎన్నిటిని సంతలో ఇచ్చేశామో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. నాందేడ్ గురుద్వారాలో గురు గోబింద్ సింగ్ గుర్రపు సంతతి అని భక్తులు నమ్మే గుర్రాలను ఎంత ప్రేమగా చూసుకుంటారో మీరు చూశారు. వంశాన్ని గుర్తుపెట్టుకోవడం మన నేలకు కొత్త కాదు. కాగితం మీద పెట్టడమే మిగిలింది.

రేసు గుర్రాన్ని తెచ్చి దాటించమని మాత్రం నేను చెప్పను. మన రాళ్ల బాటలకు, మన మేతకు, మన ఎండకు తట్టుకునే మారువాడీ, కఠియావాడీ గుర్రాల్లోనే గట్టి గిట్టలు, నెమ్మదైన గుణం ఉన్నవాటిని ఎంచుకోండి. కోపిష్టి మగ గుర్రం ఎంత అందంగా ఉన్నా వద్దు. పిల్లలున్న ఇంటికి అది ప్రమాదం.

ఈ సంచిలో 40 నోటుపుస్తకాలు తెచ్చాను. ప్రతి పేజీలో ఆరు గడులు గీసి ఉన్నాయి: తల్లి, తల్లి తల్లి, తండ్రి, దాటించిన తేదీ, ఈనిన తేదీ, పిల్ల రంగూ గుర్తులూ. జాతరకు వెళ్లేవాళ్లు తలా ఒకటి తీసుకోండి. అక్కడ మీరు దాటించే మగ గుర్రం యజమాని చేత సంతకం పెట్టించుకోండి. ముందు వరసలో కూర్చున్న అమ్మా, మీ ఇంటి ఎర్ర గుర్రం మొన్న ఈనిందని విన్నాను. ఇటు రండి. మొదటి పేజీ మీదే. దాని తల్లిని మీరు ఏమని పిలిచేవారు?